గోడకు కట్టిన ఎర్ర అట్ట

సెక్టర్ 6, భిలాయి
జులై 1996

గౌరీ వదినగారికి,

నమస్కారాలు. మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం. నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఇప్పుడు క్షేమం తప్ప ఇంకేమీ జరగడం లేదు.

కిందటి నెల మీ తమ్ముడికి రక్తపరీక్ష చేస్తే చక్కెర హద్దు మీద ఉందన్నారు. "భయపడకండి, ఇంట్లో అందరూ కలిసి చిన్న చిన్న మార్పులు చేసుకోండి, చాలు" అన్నాడు డాక్టరు. పాపం, ఆయన ఏ మనిషితో మాట్లాడుతున్నాడో ఆయనకి తెలీదు. మీ తమ్ముడు పాతికేళ్ళుగా బ్లాస్ట్ ఫర్నేసు మరమ్మతులు చేయిస్తున్న ఫోర్‌మన్. ఇంటికొచ్చి మమ్మల్నందరినీ ఒకసారి పైనుంచి కిందకి చూసి, "ఈ ఇంటికి మెయింటెనెన్సు లేదు" అన్నారు.

మరునాడు స్టీల్ ప్లాంటు నుంచి కట్టెడు ఎర్ర అట్టలు పట్టుకొచ్చారు. మీకు తెలుసుగా, ఏదైనా యంత్రం మరమ్మతులో ఉంటే దాని స్విచ్చికి ఎర్ర అట్ట కడతారు. కట్టినవాడు తప్ప ఇంకెవరూ విప్పకూడదు, జనరల్ మేనేజరు వచ్చినా సరే. ఇప్పుడు మా చక్కెర డబ్బాకి ఎర్ర అట్ట. ఆవకాయ జాడీకి ఎర్ర అట్ట. పడక్కుర్చీకి, టీవీకి, స్కూటరుకి కూడా. స్కూటరుకి కట్టడంతో ఆయన మళ్ళీ పెళ్ళికి ముందటిలాగా సైకిలు మీద డ్యూటీకి వెళ్తున్నారు. అప్పటి సైకిలే, మనిషే అప్పటివాడు కాదు. ఫర్నేసుని పూర్తి లోడు మీద నడపకూడదట, కడుపూ అంతేనట. అందుకని ముప్పావు కడుపు నిండగానే అమ్ము చెంచాతో పళ్ళెం మీద గంట కొట్టాలి. అది వాళ్ళ నాన్న రెండో ముద్ద ఎత్తేసరికే కొట్టేస్తోంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పొద్దుటి వరస ఒక ఎత్తు. షిఫ్టు మొదలయ్యే ముందు పనివాళ్ళని నిలబెట్టి మాట్లాడినట్టు, మమ్మల్ని వరండాలో వరసగా నిలబెట్టి "ఇవాళ నీ జీవిత లక్ష్యమేమిటి?" అని అడుగుతున్నారు. ఎక్కడో ద్వీపంలో ముసలివాళ్ళందరికీ లక్ష్యం ఉండబట్టే నూరేళ్ళు బతుకుతున్నారని హిందీ పేపర్లో చదివారట. నేను రోజూ "ఇడ్లీ పిండి" అంటాను. అమ్ము "ఛుట్టీ" అంటుంది. అత్తయ్య వంతు వచ్చినప్పుడు ఏమన్నారో చెప్పనా?

"నా లచ్చమేటా? ఆ లలితాంబ నోరు మూయించడం. ఇంకేటుంటాది?"

పక్క క్వార్టరు లలితాంబగారు, భుజంగరావుగారి తల్లి, మీకు తెలియనివారా! రోజూ పదింటికి మగవాళ్ళు వెళ్ళాక పెరటి గోడకి ఆవల ఆవిడ, ఈవల అత్తయ్య. ఆవిడ మునగచెట్టు గొంగళి పురుగులు మా పెరట్లోకి, అత్తయ్య అడ్డపొగ వాళ్ళ పెరట్లోకి. ముప్ఫై అయిదేళ్ళుగా తీర్పు రాని కేసు. దాని కోసమే అత్తయ్య పొద్దున్నే గిన్నెడు చద్దన్నం ఉల్లిపాయతో తింటారు. "కడుపులో ఏటీ నేకపోతే దానికి జవాబెలగ సెప్తాను?" అంటారు. తరవాత తల దువ్వుకుని, చుట్ట ముట్టించి, నిప్పు లోపలికి పెట్టుకుని, గోడ దగ్గర ఇటుకల దొంతి ఎక్కుతారు. ఎనభై దాటిన మనిషి, ఒక చెయ్యి కూడా ఆనించకుండా ఎక్కుతారు.

ఆయన రిటైరయ్యాక మేమంతా బొబ్బిలి వచ్చేస్తామనీ, అత్తయ్య కోసం మీరు పక్క గది కూడా సిద్ధం చేయిస్తున్నారనీ తెలిసి ఆవిడ ఏమీ అనలేదు. సంతోషమే అనుకుంటాను.

మీ మరదలు
అరుణజ్యోతి


బొబ్బిలి
ఆగస్టు 1996

జ్యోతికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యగారు నవ్వారు. నేను నవ్వలేదు. సూరి చేస్తున్నది మంచి పని. చిన్నప్పుడు వాడు ఏ పనీ పూర్తి చేసేవాడు కాదు, ఇదైనా చెయ్యనియ్యి. పళ్ళెం గంట మాత్రం అమ్ము చేతిలోంచి తీసెయ్యి.

కానీ అసలు మరమ్మతు చెయ్యాల్సినదాన్ని వాడు ఇంకా ముట్టుకోలేదు. అమ్మ నోరు. నేను టీచర్ని, పిల్లలకి మర్యాద నేర్పడం నా వృత్తి. నన్ను చూసుకోడానికి మీ అన్నయ్యగారి వాళ్ళు భిలాయి వచ్చిన రోజు నీకు తెలీదు. ముందు గదిలో వాళ్ళకి ఉప్మా పెడుతుంటే పెరట్లోంచి అమ్మ గొంతు: "నీ పురుగులకి పేర్లెట్టుకుని పెంచుకో, ఓలప్పా!" మా అత్తగారు చెంచా అక్కడే ఆపేశారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెంచా నా కళ్ళముందే ఆగి ఉంది.

కోపం వల్ల రక్తపోటు, రక్తపోటు వల్ల ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నాకు అమ్మ కావాలి. బొబ్బిలి వచ్చి నా దగ్గర పదేళ్ళయినా ఉండాలి. పెళ్ళయ్యాక నేను అమ్మతో వరసగా ఒక నెల గడిపింది లేదు. అందుకని సూరితో చెప్పు, ఆవకాయ జాడీలకి కాదు, ఆ గోడకి కట్టమను ఎర్ర అట్ట.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
సెప్టెంబరు 1996

వదినగారికి నమస్కారాలు.

మీ మాట వేదవాక్కు. ఆదివారం గోడకి ఎర్ర అట్ట కట్టారు.

మామూలుగా కట్టారనుకుంటున్నారా? గోడ ఉమ్మడిది కనుక రెండు విభాగాల అనుమతీ ఉండాలట. మీ తమ్ముడు హెల్మెట్ పెట్టుకున్నారు. ఆవల భుజంగరావుగారు లుంగీ మీద సేఫ్టీ బెల్టు పెట్టుకుని వచ్చారు. ఆయనకి ఈ వ్యవహారంతో ప్రాణం లేచొచ్చినట్టుంది. ముందు కారణాలు తొలగించాలన్నారు. వాళ్ళు మా మీదకి వాలిన మునగ కొమ్మలు కొట్టేశారు. మేం అత్తయ్య చుట్ట ముందు వరండాకి మార్చాం. తరవాత ఇద్దరూ అట్ట మీద సంతకాలు పెట్టి, మేకుకి ఇనుప తీగతో బిగించారు. "మరమ్మతు జరుగుతోంది, ముట్టుకోవద్దు" అని హిందీలో రాసి ఉంది. వాళ్ళ కోడలు శ్రీవిద్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం, నవ్వొస్తుందని.

అత్తయ్య ఏమంటారో అని బెంగపడ్డాను. అట్ట వంక చాలాసేపు చూశారు. "ఎవులు కట్టినారు?" అన్నారు. "నేనేనమ్మా" అన్నారు మీ తమ్ముడు. అంతే, లోపలికి వచ్చేశారు. ఆవల లలితాంబగారూ నోరెత్తలేదు.

ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. పదింటికి కుక్కర్ కూత వినిపిస్తోంది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినలేదు. ఆయన చక్కెర కూడా దిగింది. సేఫ్టీ వారోత్సవంలో "మా ఇల్లు, ప్రమాదరహిత ఇల్లు" అని ఉపన్యాసం ఇమ్మని ప్లాంటులో అడిగారట. సైకిలు మీద వెళ్తూ దాన్ని బట్టీ పడుతున్నారు.

అత్తయ్య ఈ మధ్య చద్దన్నం సగమే తింటున్నారు. ముప్పావు కడుపు నియమం ఆవిడ కూడా పట్టించుకుంటున్నారని ఆయన సంబరపడుతున్నారు.

జ్యోతి


బొబ్బిలి
అక్టోబరు 1996

జ్యోతీ,

శుభం. ఇన్నాళ్ళకి నా తల్లి మనుషుల్లో పడింది. ఇప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయి కనుక ఒక భజన మండలిలో చేర్పించు. ఉన్ని అల్లడం నేర్పినా మంచిదే. మెల్లగా ఆ అడ్డపొగ కూడా మాన్పించాలి. బొబ్బిలిలో గది పూర్తయింది. కిటికీ తూర్పుకి పెట్టించాను. చుట్టుపక్కల అంతా పెద్దమనుషులు, గట్టిగా దగ్గేవాళ్ళు కూడా లేరు.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
నవంబరు 1996

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇక్కడ చలి మొదలైంది. క్యాబేజీ బాగా వస్తోంది. మీ తమ్ముడి ఉపన్యాసం బాగా జరిగింది, స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. దానికీ ఎర్ర అట్ట కట్టారు. అత్తయ్య బాగానే ఉన్నారు. చుట్ట మానేశారు. భజన మండలికి తీసుకెళ్ళాను, మాట్లాడకుండా కూర్చున్నారు. అమ్ము బాగా చదువుకుంటోంది. కిందన నాలుగు ముక్కలు రాస్తానంటే ఇచ్చాను. తెలుగు తప్పులుంటే ఏమీ అనుకోకండి.

జ్యోతి

గౌరత్తా నమస్తే. నాకు తెలుగు లిఖడం థోడా థోడా వచ్చు. మమ్మీ ఇప్పుడు వంట ఇంట్లో ఉంది అందుకే జల్దీ రాస్తున్న. నాన్నమ్మ బాగా లేదు. అన్నం తినడం లేదు. ఎవరితో బాత్ కూడా చెయ్యడం లేదు. మంచం మీద దీవార్ వైపు తిరిగి పడుకుంటుంది. డాక్టర్ అంకుల్ వచ్చి అంతా చూసి బీమారీ ఏమీ లేదు అన్నాడు. మమ్మీ చెప్పొద్దంది ఎందుకంటే నువ్వు డాంట్‌తావని, తిట్లు పడతాయని. పప్పా రోజూ లైన్ లో లక్ష్యం అడుగుతే నాన్నమ్మ ఏమి చెప్పిందంటే ఏటీ నేదు. నాకు డర్ లగుతోంది అత్తా. నీ అమ్ము.


బొబ్బిలి
నవంబరు 1996

జ్యోతీ,

క్యాబేజీ గురించి రాశావు. నా తల్లి అన్నం మానేస్తే నువ్వు నాకు క్యాబేజీ గురించి రాశావు!

పదమూడేళ్ళ పిల్లకి ఉన్నపాటి బుద్ధి నీకు లేకపోయింది. నిన్ను ఎప్పుడైనా పరాయిదానిలా చూశానా? ఎందుకు దాచావు? జ్వరమా, గుండె బరువా, కాళ్ళ వాపా? ఉన్నది ఉన్నట్టు రాయి. పరీక్షలు అవగానే నేనే వచ్చి బొబ్బిలి తీసుకొచ్చేస్తాను. గది ఉంది. తూర్పు కిటికీ ఉంది. నేనున్నాను.

తిట్టినందుకు ఏమీ అనుకోకు.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
డిసెంబరు 1996

వదినగారికి,

తిట్టారు, మేలు చేశారు. ఇంక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు కనుక హాయిగా రాస్తున్నాను.

జ్వరం లేదు, వాపు లేదు, గుండె గడియారంలా ఉందన్నాడు డాక్టరు. కానీ మనిషి తరిగిపోతోంది. జాకెట్లు భుజాల మీద నిలవడం లేదు. నెయ్యి వేసి కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్తే, "ఎందుకే కోడలా, ఏ పనికి?" అంటారు. చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. అక్కడ గోడకి ఆవల ఇంకెవరో ఏడుస్తున్నారు. తొంగి చూస్తే శ్రీవిద్య.

లలితాంబగారూ అంతేనట, వదినా! మడిగట్టుకుని ఠంచనుగా వంట చేసుకునే మనిషి, ఇప్పుడు పొద్దెక్కేదాకా లేవడం లేదట. మేమిద్దరం గోడకి చెరోవైపు నిలబడి లెక్కేసుకుంటే ఇద్దరి జబ్బూ ఆ ఆదివారం నుంచే మొదలైంది. ముప్ఫై అయిదేళ్ళు ఆ గొడవ వీళ్ళని తినేస్తోందనుకున్నాం. వీళ్ళు దాన్ని తిని బతికారు.

దాంతో కోడళ్ళమిద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. గొడవ మళ్ళీ పెట్టాలి. మొదట నేను వాళ్ళ పెరట్లో బూడిద పోశాను. శ్రీవిద్య వెళ్ళి, "అత్తయ్యా, పక్కావిడ మన తులసి దగ్గర బూడిద పోసింది!" అని కేకలు పెట్టింది. లలితాంబగారు కళ్ళు తెరిచి, "పోనీలేమ్మా, మొక్కలకి మంచిది" అని మళ్ళీ మూసుకున్నారట. తరవాత శ్రీవిద్య ఎక్కడి నుంచో గొంగళి పురుగులు ఏరుకొచ్చి సీసాలో పెట్టి నాకిచ్చింది. నేను వాటిని అత్తయ్య ఉతికిన చీర మీద వదిలాను. అత్తయ్య వాటిని చూసి, "పాపం, సలికొచ్చీసినాయి" అన్నారు.

నిన్న పక్కన కూర్చుని అడిగేశాను. "అత్తయ్యా, ఒక్కసారి ఇటుకలెక్కి ఆవిణ్ణి నాలుగు తిట్టకూడదూ, నా కోసం?" ఆవిడ నా వైపు తిరిగారు. ఏమన్నారో అక్షరం పోకుండా రాస్తున్నాను.

"ఎర్రట్ట కట్టీసినారు కదే. మీ మావ సెప్పినాడు. ఈ పిలాంటు కడతన్నప్పుడు పక్కోడు కట్టిన ఎర్రట్టని ఇంకోడు ఇప్పీసి మిసను తిప్పీసినాడు. లోపలున్నోడి సెయ్యి నలిగిపోనాది. ఆ పొద్దు మీ మావ ఇంటికొచ్చి అన్నం తిన్నేదు. 'సింవాచలం, ఎర్రట్ట ఉన్నకాడ నువ్వు ఏలెట్టకు. కట్టినోడే ఇప్పాల' అన్నాడు. నాను మాటిచ్చినాను. ఆ మడిసి పోయినాడని మాట పోద్దేటి?"

కొడుకు మీద అలిగి కాదు, వదినా. ముసలితనం కాదు. మామయ్యగారికి ఇచ్చిన మాట. లలితాంబగారి భర్త కూడా ఆ ప్లాంటు కట్టినవాళ్ళలో ఒకరే కదా. ఆవిడా ఇదే చెప్పారట శ్రీవిద్యకి.

మీ తమ్ముడికి చెప్పాను. అమ్మ చిక్కడం వయసు వల్లనేనని కొట్టేశారు. పైగా, "మరమ్మతు పూర్తయిన సిస్టమ్‌ని మళ్ళీ పాడు చెయ్యమంటావా? నేను ఉపన్యాసం ఇచ్చాను" అంటున్నారు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి.

జ్యోతి


బొబ్బిలి
డిసెంబరు 1996

జ్యోతీ,

నీ ఉత్తరం స్కూల్లో, స్టాఫ్ రూములో చదివాను. నాన్న ఆ రాత్రి అన్నం తినకపోవడం నాకు గుర్తుంది. ఎందుకో ఇవాళ తెలిసింది.

సూరికి వేరే కవరులో రాశాను. వాడికి అర్థమయ్యే భాషలో రాశాను: "గోడకి అట్ట కట్టావు, సరే. లోపల మనిషి ఉందో లేదో చూసుకున్నావా? లోపల అమ్మ ఉంది." ఇది వాడికి తగలకపోతే వాడు ఫోర్‌మన్ కాడు.

కట్టమన్నది నేనే. అది కూడా వాడికి రాశాను. శిక్ష ఏదైనా ఉంటే సగం నాది.

ఇంకో సంగతి. అట్ట విప్పాక కూడా వాళ్ళు మొదలుపెట్టకపోతే ఎలా? చాలాకాలం వాడకపోతే ఏదైనా తుప్పు పట్టేస్తుంది. అమ్మకి అందించడానికి కొన్ని తిట్లు రాసి పంపుదామని కూర్చున్నాను. సాయంత్రం నుంచి కూర్చుంటే వచ్చినవి ఇవీ: "మీ ప్రవర్తన శోచనీయం." "తమరు ఆత్మపరిశీలన చేసుకోవలసిందిగా కోరుతున్నాను." మీ అన్నయ్యగారు చూసి, ఇవి తిట్లు కావు, ప్రోగ్రెస్ కార్డులో రిమార్కులు అన్నారు. అంత నోరున్న తల్లి కడుపున పుట్టి ఒక్క తిట్టు రాయలేకపోయాను. సిగ్గేసింది. ఈసారి నా గురించే.

పంపడం లేదు. అమ్మవే అమ్మకి రావాలి.

గౌరి


సెక్టర్ 6, భిలాయి
జనవరి 1997

వదినగారికి వెయ్యి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక మీ తమ్ముడు ఆ పూట సైకిలు తీయలేదు. వరండాలో మా వరస నిలబడే చోట ఒక్కరే నిలబడ్డారు. తరవాత అత్తయ్య మంచం దగ్గరికెళ్ళి దుప్పటి సవరించబోయి, ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, "ఇంత చిక్కిపోనావేటమ్మా" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోట మీ ఊరి మాట వినడం అదే మొదటిసారి, ఎప్పుడూ ప్లాంటు మాటే కదా. వెంటనే లేచి హెల్మెట్ వెతకడం మొదలుపెట్టారు.

పద్ధతి పద్ధతే. కట్టినప్పుడు ఇద్దరు సంతకం పెట్టారు కనుక విప్పేటప్పుడూ ఇద్దరుండాలి. భుజంగరావుగారు మళ్ళీ బెల్టుతో, ఈసారి హెల్మెట్ కూడా పెట్టుకుని వచ్చారు. మీ తమ్ముడు కట్టింగ్ ప్లయర్‌తో తీగ తెంపి, అట్ట చేత్తో పైకెత్తి, "సిస్టమ్ చాలూ!" అని, యంత్రం మళ్ళీ మొదలైందని ప్లాంటులో హిందీలో అరిచినట్టు అరిచారు. వీధిలో కూరలమ్మే ఛత్తీస్‌గఢీ అమ్మాయి గంప దించి నిలబడిపోయింది.

అత్తయ్యని నేను పట్టుకుని తీసుకొచ్చాను. అవతల లలితాంబగారిని శ్రీవిద్య. ఇటుకలు ఎక్కించడానికి ఇద్దరం సాయం పట్టాం. అత్తయ్య బరువే లేరు, వదినా. అమ్ము స్కూల్ బ్యాగు కన్నా తేలిక. గోడ మీద రెండు తలలు కనిపించాయి. ఒకరినొకరు చూసుకున్నారు. తగువు పెట్టుకోడానికి పురుగూ లేదు, పొగా లేదు, మేమే తీసేశాం కదా.

అప్పుడు లలితాంబగారు మెల్లగా అన్నారు, "ఏమండీ, అలా చిక్కిపోయారు? మీ నోటి దిష్టి మీకే తగిలినట్టుంది."

అత్తయ్య మెడ నిక్కింది.

"నాను సిక్కిపోనానా? ఓలప్పా! నీ మొకం అద్దంలో సూసుకున్నావేటి? పుల్లకి సీర సుట్టినట్టున్నావు. నాను నేక అన్నం సయించనేదేటి నీకు?"

"మీరు లేకనా? మీ పొగ లేక నాలుగు నెలలు సుఖంగా ఊపిరి పీల్చుకున్నాను!"

"పీల్సుకుంటే ఇలగయిపోనావేటి? ఊపిరి కూడా వొంటికి పట్టనేదేటి నీకు?"

"మీ నోరు పడిపోనండీ!"

నేనూ శ్రీవిద్యా ఏడుస్తున్నాం. మగవాళ్ళిద్దరూ హెల్మెట్లు తీసి పట్టుకున్నారు. అత్తయ్య సగంలో ఆగి, లలితాంబగారికి వేలు చూపించి, "ఉండక్కడే. ఎక్కడికీ ఎల్లకు" అని, నా వైపు తిరిగి, "కోడలా, సద్దన్నం ఉందేటి? ఉల్లిపాయ కొట్టి తే" అన్నారు. ఇటుకల మీదే నిలబడి గిన్నెడు తిన్నారు. ఆవిడ తినడం అయ్యేదాకా లలితాంబగారు కదల్లేదు.

మిగతా ఎర్ర అట్టలు కూడా చాలావరకు విప్పేశారు. చక్కెర డబ్బాదీ స్కూటరుదీ ఉంచారు. అవి మంచివేలెండి. ఇప్పుడు పొద్దున్న వరసలో లక్ష్యం అడిగితే, అత్తయ్య "నీకు తెల్దేటి?" అంటున్నారు.

జ్యోతి


సెక్టర్ 6, భిలాయి
మార్చి 1997

వదినగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. దాచనని మాటిచ్చాను కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

భుజంగరావుగారు ఈ ఏడే రిటైరవుతున్నారు. క్వార్టరు ఖాళీ చేసి స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకుంటున్నారు. శ్రీవిద్య ఆ సంగతి గోడ మీంచి చెప్తుంటే అత్తయ్య విన్నారు. ఆ పూట గిన్నెలో సగం చద్దన్నం వదిలేశారు.

మీ తమ్ముడు ఆ గిన్నె చూశారు. అట్ట కట్టి ఉన్న స్కూటరు పక్కనుంచి సైకిలు తీసుకుని వెళ్ళారు. సాయంత్రం వచ్చి, "స్మృతి నగర్‌లో వాళ్ళ పక్క ప్లాటు మనది, ఇల్లు కూడా వాళ్ళతోపాటే కడదాం" అన్నారు. బొబ్బిలి స్థలానికని దాచినదంతా దానికే పోయింది. "డాక్టరు చిన్న చిన్న మార్పులు చేసుకోమన్నాడు, ఇదే ఆఖరిది" అన్నారు.

మీ తూర్పు కిటికీ గది గుర్తొచ్చి ఆ పూట నేనూ సరిగ్గా తినలేకపోయాను. మీరు ఎంత తిట్టినా పడతాను.

జ్యోతి


బొబ్బిలి
ఏప్రిల్ 1997

జ్యోతీ,

తిట్టను. తిట్లు నాకు రావని మీ అందరికీ తెలిసిపోయింది.

ఉత్తరం చదివి ఆ గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. అమ్మ నా దగ్గర ఉండాలని ముప్ఫై ఏళ్ళుగా అనుకుంటున్నాను. కిటికీలోంచి చూస్తే పక్కింటి డాబా, దాని మీద ఆరేసిన తెల్లటి పంచెలు, ఎంతో మర్యాదైన నిశ్శబ్దం. ఇక్కడ అమ్మ ఎవరి కోసం లేస్తుంది, ఎవరి కోసం తింటుంది? నా కోసం ఉంటుంది, నాకు తెలుసు. కానీ నా మీద అమ్మకి అంత కోపం ఎప్పుడూ లేదు.

వేసవి సెలవుల్లో నేనే వస్తాను. పదింటికి గోడ దగ్గర నాకో ఇటుక వేసి ఉంచు. చిన్నప్పుడు చెవులు మూసుకున్నాను, ఈసారి మొదటినుంచీ వింటాను. లలితాంబగారికి నా నమస్కారాలు చెప్పు. అమ్మ ఎదురుగా మాత్రం చెప్పకు.

సూరితో ఒక్క మాట గట్టిగా చెప్పు. కొత్త ఇంట్లో ఆ మధ్య గోడ మరీ ఎత్తు పెట్టనివ్వద్దు. అమ్మ ఏడాదికింత ఎత్తు తగ్గిపోతోంది, ఆవిడా అంతే అయ్యుంటారు. సిమెంటు గట్టిగా వెయ్యకుండా, ఏటా పైనుంచి ఒక వరస ఇటుకలు తీసేసే వీలుగా కట్టమను.

గౌరి